లూసియా హారిస్ గురించి రెండు దిద్దుబాట్లు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో, కింద ఎడమ మూలన, అరచెయ్యంత పెట్టె కట్టి అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి లూసియా హారిస్ గురించి వేశారు. 'తల్లి కావడం కోసం ఎన్‌బీఏని కాదన్న మహిళ' అని శీర్షిక (ఎన్‌బీఏ అంటే అమెరికాలో మగవాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్). ఆ పెట్టెను కత్తిరించి డైరీలో పెట్టుకుని, నాలుగు రోజులు ఆగి ఈ ఉత్తరం రాస్తున్నాను. అప్పటికప్పుడు రాస్తే కోపంలో రాసినట్టుంటుందని ఆగాను. కోపం ఏమీ తగ్గలేదు గానీ చేతిరాత కాస్త కుదురుకుంది.

నేను పల్నాడు ప్రాంతంలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో 31 ఏళ్లు ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. పిల్లలు పీడీ మేడం అనేవాళ్లు. ఖోఖో, కబడ్డీ, త్రోబాల్ అన్నీ ఆడించాను. ఆడించిన వాటిలో నాకు ప్రాణం మాత్రం బాస్కెట్‌బాల్. మా కాలేజీలో సిమెంటు కోర్టు ఒక్కటే, రెండు రింగుల్లో ఒకదానికే నెట్ ఉండేది. అయినా ఈ ఆట గురించి తెలుగులో నాలుగు ముక్కలు అచ్చయితే చాలు, కళ్లజోడు తుడుచుకుని మరీ చదువుతాను. అలా చదివితేనే కదా తప్పులు కనబడేది.

మొదటి తప్పు చిన్నది. ఆమె 'ఒలింపిక్స్‌లో తొలి బుట్ట వేసి అమెరికాను గెలిపించింది' అని రాశారు. తొలి బుట్ట ఆమెదే, సందేహం లేదు. మహిళల బాస్కెట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది 1976 మాంట్రియల్‌లో. ఆరు జట్లు, ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఆడాలి, ఫైనల్ అంటూ లేదు. అమెరికా మొదటి మ్యాచ్ జపాన్‌తో. అందులో మొదటి బంతిని రింగులో వేసింది లూసియా. ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్ చరిత్రలో మొదటి రెండు పాయింట్లు అవే. కానీ ఆ మ్యాచ్ అమెరికా 84–71 స్కోరుతో ఓడిపోయింది. తర్వాత సోవియట్ యూనియన్ మీద ఇంకా దారుణంగా, 112–77. మిగిలిన మూడూ గెలిచి వెండి పతకం తెచ్చుకున్నారు. సోవియట్ జట్టులో ఉల్యానా సెమ్యోనొవా అని దాదాపు ఏడడుగుల మనిషి ఉండేది. లూసియా ఆరడుగుల మూడంగుళాలు. ఊళ్లో అందరూ తల ఎత్తి చూడాల్సిన మనిషైన ఆమె, ఆ రోజు తనే తల ఎత్తి చూడాల్సి వచ్చింది. ఓడిన మ్యాచ్‌లో వేసిన బుట్టయినా చరిత్రలో మొదటిది మొదటిదే. దాన్ని గెలుపుగా మార్చి రాయాల్సిన అవసరం లేదు.

రెండో తప్పు మీ శీర్షిక. ఇది చిన్నది కాదు.

1977 జూన్‌లో న్యూ ఓర్లియాన్స్ జాజ్ అనే ఎన్‌బీఏ జట్టు డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ఏడో రౌండ్లో ఆమె పేరు తీసుకుంది. మొత్తం మీద 137వ పేరు. అంతకుముందు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు డెనీస్ లాంగ్ అనే అమ్మాయి పేరు చెప్పింది గానీ, లీగ్ దాన్ని చెల్లదని కొట్టేసింది. కాబట్టి అధికారికంగా ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన ఆడమనిషి లూసియా ఒక్కరే. ఇంతవరకు మీరు రాసింది సరే. ఆమె ట్రయల్‌కి వెళ్లలేదు. అప్పుడు ఆమె గర్భవతి. అదీ నిజమే. కానీ వెళ్లకపోవడానికి కారణం గర్భం ఒక్కటే అన్నట్టు రాశారు. ఇదంతా పేపర్ల కోసం చేసిన హడావిడి అనుకున్నాననీ, మగవాళ్లతో పోటీపడి ఆడగలనని తనకు అనిపించలేదనీ, వెళ్లనందుకు బాధ కూడా లేదనీ ఆమే చెప్పుకుంది. చివరి రోజుల్లో ఆమె మీద తీసిన 'ది క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్' అనే 22 నిమిషాల డాక్యుమెంటరీలో ఆమె నోటితోనే వినొచ్చు. ఆస్కార్ వచ్చింది దానికి.

ఇంకొకటి. డ్రాఫ్టులో పేరు రావడం అంటే జట్టులో చోటు దొరకడం కాదు. ఆ రోజుల్లో ఏడో రౌండ్లో పేరొచ్చిన మగపిల్లలే చాలామంది క్యాంపు దాటి వెళ్లేవాళ్లు కాదు. మనకి తెలిసిన ఉదాహరణ ఉంది కదా, పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్. 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. డ్రాఫ్టయిన తొలి భారతీయుడని మనమంతా చంకలు గుద్దుకున్నాం. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు ఆ పిల్లవాడికి. 52వ వాడి పరిస్థితి అదయితే, 137వ ఎంపికగా వచ్చిన అమ్మాయి 'ఎన్‌బీఏని కాదంది' అనడంలో అర్థమేముంది? కాదనడానికి ముందు ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆమె ఎదురుగా ఏమీ లేదు. అసలు సంగతి అదీ. 22 ఏళ్ల వయసులో దేశం మొత్తంలో ఆ ఆటలో ఆమెను మించిన ఆడపిల్ల లేదు. ఆడదామంటే ఆడవాళ్లకు ఒక లీగ్ లేదు. 1978 చివర్లో ఒక లీగ్ మొదలైంది, దాంట్లో హ్యూస్టన్ జట్టుకి 1979–80లో కొద్దికాలం ఆడింది, 1981కల్లా ఆ లీగే మూతపడింది. ఇప్పుడు మనం టీవీలో చూస్తున్న డబ్ల్యూఎన్‌బీఏ అనే ఆడవాళ్ల లీగ్ ఆటలు మొదలైంది 1997లో. అప్పటికి లూసియాకి 42 ఏళ్లు, నలుగురు పిల్లలు.

అందుకే ఆమె ఆట గురించి రాయాలంటే కాలేజీలో ఆడిన నాలుగేళ్ల గురించే రాయాలి. మీ పెట్టెలో 90 మాటలున్నాయి, లెక్కపెట్టాను. ఆ నాలుగేళ్ల గురించి ఒక్క మాట లేదు. ఒక్క స్కోరు లేదు. కాబట్టి నేను రాస్తున్నాను.

మిసిసిపీ రాష్ట్రంలో మింటర్ సిటీ అని ఒక పల్లె. పేరులో సిటీ ఉంది గానీ చుట్టూ పత్తి చేలే. అక్కడ 1955 ఫిబ్రవరిలో, పదకొండు మంది పిల్లల్లో పదో పిల్లగా పుట్టింది. నల్లజాతి కుటుంబం, పత్తి మీద బతుకు. ఆ ఏడాదే, ఆ కౌంటీలోనే, మనీ అనే ఊరి దగ్గర నుంచి ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్ల పిల్లవాణ్ని అర్ధరాత్రి ఎత్తుకెళ్లి చంపారు. అలాంటి నేల అది. లూసియా కూడా పత్తి తీసింది. రాత్రుళ్లు ఇంట్లో అందరూ పడుకున్నాక దుప్పటి కప్పుకుని చిన్న శబ్దంతో టీవీలో ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే ఎన్‌బీఏ ఆటగాడి ఆట చూసేదట. బళ్లో పిల్లలు పొడుగుదనం తప్ప ఇంకేముంది అని ఏడిపించేవాళ్లట. ఈ ముక్క విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా దగ్గర 'తాటిచెట్టు' అంటారు, 'నిట్టాడు' అంటారు, ఇంకా సరదా పుడితే 'కరెంటు స్తంభం' అంటారు. భాష వేరు గానీ బడి పిల్లలు ఎక్కడైనా ఒకటే.

గ్రీన్‌వుడ్‌లో హైస్కూలు అయ్యాక ఆల్కార్న్ స్టేట్ అనే కాలేజీకి వెళ్దామనుకుంది. అక్కడ ఆడపిల్లల జట్టు లేదు. క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో (ఇది కూడా మిసిసిపీలోదే, పెద్ద క్లీవ్‌లాండ్ కాదు) డెల్టా స్టేట్ కాలేజీ వాళ్లు అప్పుడే ఆడపిల్లల జట్టు మళ్లీ పెడుతున్నారు. 'మళ్లీ' అన్నాను, ఎందుకంటే ఆ కాలేజీలో 1932 దాకా ఒక జట్టుండేది. ఆడపిల్లలకి ఈ ఆట మరీ శ్రమ అని ఆ ఏడాది దాన్ని తీసేశారు. ఆ జట్టులో మార్గరెట్ వేడ్ అనే అమ్మాయి ఆడేది. జట్టును రద్దు చేశారని తెలిసిన రోజు ఆ పిల్లలంతా ఏడ్చి, తమ యూనిఫారాలు తగలబెట్టారు. 41 ఏళ్ల తర్వాత, 1973లో, జట్టు మళ్లీ పెడుతూ కాలేజీ వాళ్లు కోచ్‌గా రమ్మని పిలిచింది ఆ మార్గరెట్ వేడ్‌నే. అప్పటికి ఆమెకి అరవై ఏళ్లు. దానికి ముందు ఏడాదే, కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదని అమెరికాలో చట్టం వచ్చింది. చట్టం రాకపోతే జట్టూ వచ్చేది కాదు, ఎవరూ ఆ ముసలమ్మను పిలిచేవాళ్లూ కాదు.

అరవై ఏళ్లకి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న నాబోటి వాళ్లకి వేడ్ గారి కథ చదివితే కాళ్లు ఊరుకోవు. సరే, అది వేరే ఉత్తరం.

లూసియా చేరాక డెల్టా స్టేట్ మొదటి సీజన్లో 16 గెలిచి 2 ఓడారు. రెండో సీజన్, 1974–75: 28 ఆడి 28 గెలిచారు. ఆ ఏడాది జాతీయ ఫైనల్లో ఎదురుగా ఇమాక్యులాటా. ఫిలడెల్ఫియా పక్కన ఉన్న చిన్న క్యాథలిక్ మహిళా కాలేజీ. అంతకుముందు వరసగా మూడేళ్లు ఛాంపియన్లు వాళ్లే. వాళ్ల సిస్టర్లు గ్యాలరీలో కూర్చుని ఇనప బకెట్లు వాయిస్తూ గోల చేసేవారు. ఆ బకెట్ల మోతలో డెల్టా స్టేట్ 90–81తో గెలిచింది. లూసియా ఒక్కతే 32 పాయింట్లు, 16 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టడమే రీబౌండ్). జట్టు మొత్తంలో నల్ల అమ్మాయి ఆమె ఒక్కతే.

మరుసటేడు మళ్లీ ఇమాక్యులాటాయే, ఫైనల్ 69–64. 1977లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద 68–55. వరసగా మూడు టైటిళ్లు. నాలుగేళ్లలో ఆమె ఆడిన 115 మ్యాచ్‌ల్లో జట్టు గెలిచింది 109, ఓడింది 6. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో క్వీన్స్ కాలేజీ మీద 47 పాయింట్లు కొట్టింది. మొత్తం 2,981 పాయింట్లు, 1,662 రీబౌండ్లు. నేను కాలిక్యులేటర్‌తో భాగించి చూసుకున్నాను: మ్యాచ్‌కి 25.9 పాయింట్లు, 14.5 రీబౌండ్లు.

ఈ అంకెలు ఎంత పెద్దవో ఆట ఆడని వాళ్లకి చెప్పాలి. ఆ రోజుల్లో మూడు పాయింట్ల గీత లేదు. అమెరికా కాలేజీ మహిళల ఆటలో అది వచ్చింది 1987లో. ఆడవాళ్లకి చిన్న బంతి ఇచ్చింది 1984–85 సీజన్ నుంచి. లూసియా మగవాళ్ల సైజు బంతితో, ప్రతి బుట్టకీ రెండే పాయింట్లు వచ్చే లెక్కలో ఆడింది. దూరం నుంచి విసిరి సంపాదించినవి కావవి. రింగు కిందే, ఇద్దరు ముగ్గురు మీద పడి నెడుతుంటే, బోర్డుకి వీపు పెట్టి నిలబడి, బంతిని తల మీద పట్టుకుని, ఒక కాలు కదలకుండా రెండోది తిప్పి, మెత్తగా బోర్డుకి తగిలించి వేసినవి. పాత ఫిల్ములో చూడండి. ఎక్కడా తొందర లేదు. అవతలి వాళ్లు ఎగిరి కిందికొచ్చేదాకా ఆగి, అప్పుడు వేస్తుంది. మా పిల్లలకి ఆ ఆగడం నేర్పడానికి నాకు ఒక్కో బ్యాచ్‌కి రెండేళ్లు పట్టేది.

2024లో కెయిట్లిన్ క్లార్క్ రికార్డుల గురించి మీరూ పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు. వేయాల్సిందే. అయోవా యూనివర్సిటీ తరఫున 139 మ్యాచ్‌ల్లో 3,951 పాయింట్లు మాటలా! ఆ పిల్ల ఆటంటే నాకూ ఇష్టమే. కానీ అప్పుడు 'ఆల్‌టైమ్ రికార్డు' అని మొదట చెప్పింది, కెల్సీ ప్లమ్ అనే అమ్మాయి పేరిట ఉన్న 3,527 పాయింట్లను క్లార్క్ దాటినప్పుడు. అంతకంటే ఎక్కువగా, 3,649 పాయింట్లు, కేన్సస్ కాలేజీకి ఆడిన లినెట్ వుడార్డ్ ఎప్పుడో కొట్టి ఉంది. కాకపోతే ఆమె ఆడింది ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) ఆడవాళ్ల పోటీలు పెట్టకముందు, ఆడవాళ్లే నడుపుకున్న ఏఐఏడబ్ల్యూ అనే సంఘం కింద. ఎన్‌సీఏఏ మహిళల పోటీలు మొదలెట్టింది 1981–82 సీజన్లో. ఎన్‌సీఏఏ రికార్డుల పుస్తకంలో దానికి ముందువి లెక్కలోకి రావు. లూసియా మూడు టైటిళ్లూ ఆ పుస్తకం బయటే ఉన్నాయి. ఊరికి కరెంటు వచ్చిన రోజే ఊరు పుట్టిందన్నట్టు.

ఇంత చదివాక మీరు, 'మేడం, అమెరికా సంగతి ఇక్కడెవరికి కావాలి' అనొచ్చు. అందుకని ఒక అమ్మాయి గురించి చెప్పాలి. పేరు రాయను, అడిగితే వద్దంది.

1990ల మధ్యలో మా కాలేజీలో చేరింది. అయిదడుగుల పదకొండు అంగుళాలు. అంత పొడుగున్న పిల్ల ఎప్పుడూ వెనక బెంచీలో వంగి కూర్చునేది. ఆమెను నిటారుగా నిలబెట్టడానికే నాకు ఆరు నెలలు పట్టింది. తండ్రికి రెండెకరాల కౌలు. మా దగ్గర పత్తి తీత సీజనూ, కాలేజీల మధ్య పోటీలూ ఒకే నెలల్లో వస్తాయి. పొద్దున చేలో పత్తి తీసి, మధ్యాహ్నం బస్సెక్కి ప్రాక్టీసుకి వచ్చేది. ఎండిన కాయ డిప్పలు గీరుకుని వేళ్ల చివర్లు చీలి ఉండేవి. ప్లాస్టర్ చుట్టుకుని బంతి పట్టేది. తండ్రిని ఒప్పించడానికి వెళ్తే, ఆయన మంచం వేసి, మంచినీళ్లిచ్చి, 'ఆడితే కూలెవరిస్తారు పీడీ గారూ?' అన్నాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ అమ్మాయి యూనివర్సిటీ జట్టుకి ఎంపికై సౌత్ జోన్ పోటీలకి వెళ్లింది. చెన్నై జట్ల ముందు మావాళ్లు ఎప్పుడూ నిలబడేవాళ్లు కాదు, ఆ ఏడూ ఓడిపోయారు. ఈమె మాత్రం అవతలి సెంటర్‌కి రింగు కింద ఊపిరాడనివ్వలేదు. మ్యాచ్ అయ్యాక అవతలి జట్టు కోచ్ నా దగ్గరికొచ్చి, ఈ పిల్ల తర్వాత ఎక్కడ ఆడుతుంది అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాడు మన పేపర్లలో మగపిల్లల క్రికెట్ స్కోరు వచ్చింది. (మీ పేపరనే అనడం లేదు. ఏ పేపర్లోనూ రాలేదు.) డిగ్రీ అయ్యాక స్పోర్ట్స్ కోటా కోసం ఒక సంస్థ నోటిఫికేషన్ పడితే సర్టిఫికెట్లన్నీ జిరాక్స్ తీసి, గెజిటెడ్ సంతకాలు పెట్టించి పట్టుకెళ్లాం. ఆ ఏడాది పోస్టుల్లో మహిళల బాస్కెట్‌బాల్ లేదు. కబడ్డీ ఉంది, అథ్లెటిక్స్ ఉంది. వచ్చే ఏడు చూద్దాం అన్నారు కిటికీలో. వచ్చే ఏడుకి ఆమెకి పెళ్లయింది.

అప్పుడు అందరూ ఏమన్నారో తెలుసా? 'పెళ్లి చేసుకుని ఆట మానేసింది' అన్నారు. మా స్టాఫ్‌రూములోనే అన్నారు. మీ శీర్షిక చదవగానే నాకు వినబడింది ఆ మాటే. ఆడడానికి చోటు లేకుండా చేసి, ఆ అమ్మాయే మానేసిందని రాస్తాం.

ఇప్పుడు ఆమె వాళ్ల ఊళ్లో పాల కేంద్రం నడుపుతోంది. నలభై లీటర్ల క్యాను ఒంటి చేత్తో లాగుతుంది. ఈ మధ్య మా ఇంటికి వస్తే ఆ డాక్యుమెంటరీ ఫోన్లో పెట్టి చూపించాను. ఇంగ్లిష్ సగమే అర్థమైంది, మధ్య మధ్య ఆపి నేను చెప్పాను. అయ్యాక, 'తర్వాత ఏ టీమ్‌కి ఆడింది మేడం?' అని అడిగింది. చెన్నై కోచ్ అడిగిన ప్రశ్నే. చెప్పాను. తను ఆడిన డెల్టా స్టేట్‌లోనే అడ్మిషన్ల విభాగంలో ఉద్యోగం చేసిందనీ, అసిస్టెంట్ కోచ్‌గా చేసిందనీ, టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో కోచింగ్ చేసి చివరికి గ్రీన్‌వుడ్‌లో తను చదువుకున్న హైస్కూలుకే టీచరుగా తిరిగొచ్చిందనీ. ఆట ఆగిపోయాక మనసు దెబ్బతిని, బైపోలార్ అనే జబ్బుతో ఏళ్ల తరబడి కష్టపడిందనీ, ఆ సంగతి దాచకుండా కెమెరా ముందే చెప్పిందనీ. 1992లో బాస్కెట్‌బాల్ మేటి ఆటగాళ్ల పేర్లుండే హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరెక్కిన రోజు, చిన్నప్పుడు దుప్పటి కింద చూసిన ఆ ఆస్కార్ రాబర్ట్‌సనే పక్కన నిలబడ్డాడనీ. 2022 జనవరి 18న పోయిందనీ, ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది మార్చిలో అనీ.

ఆమె అంతా విని, 'ఆ రీబౌండ్ పట్టినప్పుడు మళ్లీ పెట్టండి' అంది. పెట్టాను. రెండోసారి పెట్టమంది. 'మోచేతులు చూడండి మేడం, బయటికి వెడల్పుగా పెట్టింది. మీరు నన్ను రోజూ తిట్టేవాళ్లు కదా, దగ్గరికి ముడుస్తానని' అంది. తర్వాత మా హాల్లో లేచి నిలబడి, బంతి లేకుండానే, రెండు మోచేతులూ అలా చాచి చూపించింది. ఫ్యాను రెక్కకి వేలు తగులుతుందేమోనని నాకు టెన్షన్.

పదో తరగతి దాకా బంతి పట్టని, ఇంగ్లిష్ సగమే అర్థమయ్యే ఆ మనిషికి 22 నిమిషాల్లో లూసియా మోచేతులు కనబడ్డాయి. మీ పేజీకి ఆమె కడుపు మాత్రమే కనబడింది. ఇది కటువుగా ఉందని తెలుసు. నాలుగు రోజులు ఆగి రాసిన మాట ఇది, మార్చను.

అడిగేది పెద్దగా ఏమీ లేదు. మాంట్రియల్ మ్యాచ్ అమెరికా ఓడిందని ఒక దిద్దుబాటు వేయండి. శీర్షిక సంగతి మీ ఇష్టం. ఈసారి యూనివర్సిటీల మధ్య మహిళల బాస్కెట్‌బాల్ జరిగినప్పుడు, మీ జిల్లా విలేఖరిని ఒక్క మ్యాచ్‌కి పంపండి. రాకపోకలకి ఇబ్బందైతే ఫోన్ చేయమనండి, స్కోర్‌షీట్ నేనే ఫొటో తీసి పంపిస్తాను. ఎవరు ఎన్ని పాయింట్లు, ఎన్ని రీబౌండ్లు, ఎన్ని ఫౌళ్లు. పేర్లు ఇంటిపేర్లతో సహా. నాలుగు లైన్లు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
పల్నాడు జిల్లా

తా.క.: ఉత్తరాల కాలమ్‌కి ఇది పొడుగని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నా కాలేజీ గోడు, నా కోపం కత్తిరించండి. 32 పాయింట్లు, 16 రీబౌండ్లు మాత్రం ఉంచండి.